దాపటికి తిప్పమన్నది ఎవరు?

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. నేను ఖాజాగూడ గుట్టల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. ఫలానా బండ మీద ఎవరో కూర్చుంటారనీ, ఫలానా గుండు వెనక ఎవరో ఏడుస్తారనీ చిన్నప్పుడు మా ఊళ్లో చెప్పేవాళ్లు. ఆ బండలన్నీ ఎక్కాను. ఆ గుండ్ల వెనకంతా చూశాను. తేళ్లు కనబడ్డాయి, సీసాపెంకులు కనబడ్డాయి, అంతే.

పైగా నా ఉద్యోగం కూడా అలాంటిదే. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. ఎవరైనా వచ్చి ఇలా జరిగింది అంటే, మళ్లీ జరిపి చూపించు అని అడగడమే నా పని. రెండోసారి చూపించలేనిదాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ఒక్క సాయంత్రం విషయంలో మాత్రం ఆ లెక్క నాకు కుదరలేదు. అందుకే జరిగింది జరిగినట్టు, ఉప్పూకారం జల్లకుండా రాస్తున్నాను.

అది తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉన్న కాలం. వరసగా బంద్‌లు. బంద్ రోజున ఆగిన పనికి శనివారం ఆఫీసుకొచ్చి బదులు తీర్చాలి. నేను ఉద్యమం మనిషిని. బంద్ రోజు చౌరస్తాలో వంటావార్పులో కూర్చుని నడిరోడ్డు మీద వండుకుని తినేవాణ్ణి. శనివారం మెడలో ఐడీ కార్డు వేసుకుని అదే రోడ్డు మీద ఆఫీసుకు పోయేవాణ్ణి.

ఆఫీసులో నాకు ఇద్దరు ప్రాణ స్నేహితులు. ఒకడు సత్తిబాబు. కోనసీమ వాడు, మియాపూర్‌లో కిరాయికి ఉండేవాడు. రెండోవాడు ఓబులేసు. కడప జిల్లా. మూడేళ్ల కూతురి ఫోటో చూపించకుండా టీ కూడా తాగనిచ్చేవాడు కాదు. అతనికి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. ఎక్కడికి వెళ్లినా నడుముకు ఒక చిన్న సంచీ, అందులో నోట్లో కొట్టుకుని పీల్చే మందు ఉండేవి. దాన్ని మేం ఓబులేసు విజిల్ అనేవాళ్లం. మా ముగ్గురినీ కలిపి క్యాంటీన్‌లో త్రిలింగ దేశం అని పిలిచేవారు.

ఆ త్రిలింగ దేశం ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర విడిపోయింది. నేను ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతున్నాను. పెత్రమాస వస్తోంది, తాత పేరు మీద బియ్యం ఇయ్యాలె, యాదుంచుకో అంటోంది అమ్మ. మా వైపు పెద్దల అమావాస్యను పెత్రమాస అంటాం. నేను కూడా ఆ మాటే రెండుసార్లు పైకి అన్నాను. సత్తిబాబు పకపకా నవ్వాడు.

"పెత్రమాసేంట్రా బాబూ. కాస్త అర్థమయ్యే తెలుగు మాట్లాడు."

అంతకుముందు వందసార్లు అలా ఏడిపించాడు. వందసార్లు నేనూ నవ్వాను. ఆ రోజు మాత్రం పదిమంది ముందు, మా తాత పేరు ఎత్తిన చోట, నాకు భగ్గున మండింది. "నీ తెలుగు నీ ఊర్లనే మాట్లాడుకో పో" అన్నాను. ఎనిమిదేళ్లుగా ఈ నగరంలోనే బతుకుతున్న మనిషిని అలా అనకూడదు. అన్నాను. వాడు టిఫిన్ డబ్బా మూసుకుని లేచి వెళ్లిపోయాడు.

ఇక్కడ మా తాత సంగతి కొంచెం చెప్పాలి. ఆయన పేరు మల్లయ్య. మా ఆఫీసు కార్లు ఆపుకునే చోటే ఒకప్పుడు ఆయన జొన్న వేసేవాడు. నాగలి దున్నడం తప్ప ఇంకో పని తెలియదు. నేను ఇంటర్ చదివేటప్పుడు పోయాడు. ఖాజాగూడ చెరువుకు మించిన నీళ్లను ఆయన కళ్లతో చూసి ఎరగడు. పడవ ఎక్కడం అసలే లేదు.

సరే, రెండు నెలలు నేనూ సత్తిబాబూ మాట్లాడుకోలేదు. పక్కపక్క కుర్చీలే. ఏదైనా చెప్పాలంటే ఈమెయిల్ పంపుకునేవాళ్లం. మధ్యలో ఓబులేసు మా ఇద్దరి మాటలూ మోసి మోసి విసిగిపోయాడు. రెండు రోజుల బంద్, దాని వెనకే ఆదివారం కలిసొచ్చేసరికి మా ఇద్దరినీ కారులో కుదేసి సత్తిబాబు ఊరికి బయల్దేరదీశాడు.

"పడవెక్కి తిరుగుదాం. అప్పటికీ మాట్లాడుకోకపోతే ఇద్దర్నీ ఆడనే నీళ్లలోకి తోసేసి వస్తా" అన్నాడు.

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఆ ఊరు. సత్తిబాబు మావయ్యకు కొబ్బరికాయలు మోసే మోటారు బోటు ఒకటుంది. ఆయన మాకు కడుపునిండా చేపల పులుసు పెట్టి, బోటు తాళ్లు విప్పుతూ ఒకే మాట చెప్పాడు.

"ఆయ్, తీసుకెళ్లండి గానీ పోటు మీదుండగానే వచ్చేయండి. పాటు మొదలయ్యిందంటే మడల్లో నీళ్లుండవు."

సముద్రం పొంగి పాయల్లోకి నీరు ఎక్కితే పోటు, ఆ నీరు వెనక్కి తీసేస్తే పాటు. మడలంటే మడ అడవులు. ఇవన్నీ నాకు అక్కడే తెలిశాయి. తనకు చిన్నప్పటినుంచీ అలవాటేనని చెప్పి, సత్తిబాబు బోటు నడిపే మనిషిని కూడా వద్దన్నాడు.

మొదటి గంట ఎంత బాగుందో చెప్పలేను. వెడల్పాటి నీళ్లు, ఎండ, ఎదురుగాలి, ఇంజను చప్పుడుకు గుంపులుగా లేచే కొంగలు. ముఖం మీద ఉప్పునీళ్లు చిలుకుతుంటే నాకు కేక వేయాలనిపించింది. సత్తిబాబు ముందు సంతోషపడటం ఇష్టం లేక బిగబట్టుకుని కూర్చున్నాను. వాడు నాకు చూపించాలనే బోటును మడ అడవి పాయల్లోకి తిప్పాడని నా అనుమానం. రెండు పక్కలా చెట్లు, వాటి వేళ్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. పాయ చీలి ఇంకో పాయ, అది చీలి ఇంకోటి.

అక్కడ ఓబులేసు పంచాయితీ పెట్టాడు. సారీ చెప్పమని సత్తిబాబుతో అన్నాడు.

"నేనెందుకు చెప్పాలి? పొమ్మన్నది వాడు. రేపు రాష్ట్రం ఇచ్చేస్తే మియాపూర్ వెళ్లడానికి నన్ను వీసా అడుగుతాడేమో" అన్నాడు సత్తిబాబు.

"నా మాటకు నవ్వెటోనికి నా ఊరెందుకురా?" అన్నాను నేను.

మాటా మాటా పెరిగింది. ఇద్దరం లేచి నిలబడ్డాం. బోటులో అలా నిలబడకూడదని తెలిసినవాడు వాడు, తెలియనివాణ్ణి నేను. మమ్మల్ని విడదీయడానికి ఓబులేసు కూడా లేచాడు. బోటు ఒక పక్కకు ఒరిగింది. ఎవరమూ పడలేదు కానీ, ఎక్కడో పట్టు తెగి ఓబులేసు నడుము సంచీ నీళ్లలో పడింది. బురద నీళ్లు. మేం వంగి చూసేసరికే మునిగిపోయింది.

విజిల్ పోయిందని ఓబులేసు నవ్వడానికి ప్రయత్నించాడు. కాసేపటికి దగ్గు మొదలైంది. ఆ తర్వాత పిల్లికూతలు. తేమో, డీజిలు పొగో, కంగారో తెలియదు. సత్తిబాబు బోటును గబగబా వెనక్కి తిప్పాడు. తీరా చూస్తే గొడవ మత్తులో ఎన్ని మలుపులు తిరిగామో ఇద్దరికీ గుర్తులేదు. ప్రతి పాయా ఒకేలా ఉంది. ఫోన్లకు సిగ్నల్ లేదు. చెట్ల వేళ్ల మీద తడి మచ్చ పైన ఉండిపోయి నీళ్లు జానెడు కిందికి దిగాయి. పాటు మొదలైంది.

"నాకు దారి తెలీట్లేదురా" అన్నాడు సత్తిబాబు. రెండు నెలల తర్వాత వాడు గొడవ కాకుండా నాతో అన్న మొదటి మాట అది.

ఓబులేసు బల్ల మీద చేతులు ఊనుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదాలు నల్లబడుతున్నాయి. మాట రావడం ఆగిపోయింది. నేను బతుకులో అంత భయం ఎప్పుడూ ఎరగను. నీళ్లు పోతే బోటు బురదలో కూర్చుంటుంది. మళ్లీ పోటు వచ్చేదాకా ఎటూ కదలలేం. అప్పటిదాకా అతను ఆగేలా లేడు. మా ఇద్దరి నోటి దురుసుకు ఆ మనిషి పోతాడా?

పాయ మూడుగా చీలే చోటుకు వచ్చాం. సత్తిబాబు వేగం తగ్గించాడు. వాడు వెనక, ఎడమ వైపు కూర్చుని చుక్కాని పట్టుకున్నాడు. నేను వాడికి కుడి పక్కన కూర్చుని గెడకర్రతో లోతు చూస్తున్నాను.

"కర్ర నీ దగ్గరే ఉందిగా. నన్నెందుకు అడుగుతావు?" అన్నాడు.

నేను నోరు తెరవలేదని చెప్పాను. వాడు వెనక్కి తిరిగి చూశాడు. వెనక నీళ్లు, చెట్లు తప్ప ఏమీ లేవు.

"ఎవరో ముసలాయన, వెనకనుంచి. దాపటికి, దాపటికి అంటున్నాడు. దాపటికి అంటే ఏంట్రా?"

నాకు మొదట ఒళ్లు మండింది. ఈ సమయంలో కూడా మా భాషను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. కొట్టడానికి చెయ్యి కూడా లేచింది. వాడి ముఖం చూసి ఆగాను. వాడు చెవి రిక్కించి వింటున్నాడు. నాకు మాత్రం ఇంజను చప్పుడూ ఓబులేసు ఊపిరీ తప్ప ఏమీ వినబడలేదు.

దాపట. ఆ మాట విని నాకు పదిహేనేళ్లు అయ్యుంటుంది. నాగలి దున్నేటప్పుడు ఎడ్లకు చెప్పే దిక్కులు అవి, దాపట ఒకటి, ఎలపట ఒకటి. ఏది ఎడమో ఏది కుడో తడుముకున్నాను. మౌసు తిప్పే చేతికి నాగలి సంగతి ఏం తెలుస్తుంది. "కుడికి తిప్పు" అన్నాను.

కుడి పాయలోకి ఇరవై గజాలు పోయామో లేదో బోటు అడుగు బురదకు రాసుకుని ఆగిపోయింది. ఇంజను రెక్కలు బురదను చిలకడం మొదలుపెట్టాయి. నేను గెడకర్ర మీద పడి తోస్తున్నాను. అప్పుడు సత్తిబాబు అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"తినే చెయ్యి ఎలపట అంటున్నాడురా. కోప్పడుతున్నాడు. అంటే ఏంటి?"

గెడకర్ర నా చేతుల్లో ఉండిపోయింది. ఐదేళ్ల వయసులో మా తాత నన్ను నాగలి పక్కన నిలబెట్టి, నా కుడిచెయ్యి పట్టుకుని చెప్పిన మాట అది. తినే చెయ్యి ఎలపట, కడుక్కునే చెయ్యి దాపట. దాన్ని నేను మా ఇంట్లో కూడా ఎప్పుడూ ఎవరితో అన్నట్టు గుర్తులేదు. నేనే మరిచిపోయాను.

"దాపటంటే ఎడమరా. నాదే తప్పు. ఎలపటంటే కుడి. వెనక్కి తీయి" అన్నాను.

వెనక్కి వచ్చి ఎడమ పాయ పట్టుకున్నాం. ఆ తర్వాత జరిగిందంతా ఒక్క తీరుగా జరిగింది. సత్తిబాబు వింటాడు, విన్నది విన్నట్టు పలుకుతాడు. నేను అర్థం చెబుతాను. వాడు తిప్పుతాడు. దాపట, దాపట, ఎలపట, మళ్లీ దాపట. రెండు నెలలు ఈమెయిళ్లు రాసుకున్నవాళ్లం ఊపిరి తీసుకోకుండా మాట్లాడుకున్నాం. చెట్ల మధ్య నీళ్లు ఇంకా ఇంకా దిగుతున్నాయి, మేం మాత్రం పోతూనే ఉన్నాం.

ఒకచోట పాయ వెడల్పయింది కానీ లోతు మోకాలిబంటి కూడా లేదు. అక్కడ సత్తిబాబు ఉన్నట్టుండి ఇంజను ఆపేశాడు.

"చాలంట. సాలు, సాలు అంటున్నాడు" అన్నాడు.

"సాలంటే చాలని కాదురా" అని నేను గట్టిగా అరిచాను. "నాగలి గీసిన గీత. సాలు ఇడువకు అంటున్నడు. గీత తప్పొద్దంటున్నడు."

అప్పుడు నీళ్లకేసి చూశాను. పాయ మధ్యలో, ఒక పక్కకు ఒరిగి, నీళ్ల రంగు కాస్త ముదురుగా ఉన్న పట్టీ ఒకటి వంకర లేకుండా ముందుకు పోతోంది. దుక్కిలో సాలు లాగే ఉంది. గెడకర్ర దించితే నడుము లోతు. అటూ ఇటూ రెండడుగులు తప్పితే బురద. సత్తిబాబు ఇంజను మళ్లీ వేసి బోటును ఆ పట్టీ మీద పెట్టాడు. నేను ముందుకు వెళ్లి నిలబడి గీత చూస్తూ చేతులతో చూపించాను. ఎందుకో తెలియదు, ఇద్దరికీ నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాం. ఓబులేసు తల ఎత్తి మావైపు చూసి బొటనవేలు చూపించాడు.

చెట్లు అయిపోయాయి. ఎదురుగా వెడల్పాటి గోదావరి, దాని మీద పొద్దు వాలే ముందరి ఎండ, దూరంగా ఊరి రేవు కనబడ్డాయి. సత్తిబాబు ఇంజనుకు ఉన్న బలమంతా ఇచ్చాడు. ఆ బోటు అంత వేగంగా పోతుందని వాడికీ తెలియదట. ఇద్దరం గొంతు చించుకుని అరుస్తూ రేవుకు చేరాం. మా అరుపులు విని ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్లు నీళ్లలోకి దిగి వచ్చారు. ఓబులేసును నలుగురు చేతుల మీద ఎత్తుకున్నారు. సత్తిబాబు మావయ్య అతణ్ణి బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఊళ్లోని డాక్టరు దగ్గరికి పరుగు తీయించాడు.

ముక్కుకు ఆవిరి మందు పెట్టారు, సూది మందు ఇచ్చారు. అరగంటకు ఓబులేసు పెదాలకు రంగు వచ్చింది. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు డాక్టరు. ఓబులేసు మాస్కు పక్కకు జరిపి మా ఇద్దరివంకా చూశాడు.

"మాట్లాడుకున్నారు కదప్పా. ఇంగ ఇంటికి పోదాం" అన్నాడు.

సత్తిబాబు ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు. యుద్ధం గెలిచి వచ్చినట్టుంది. ఆ డాక్టరు వసారాలో, చెప్పులు విడిచే చోట కూర్చుని, ఒకరి భుజం మీద ఒకరం చెయ్యి వేసుకుని టీ తాగాం. పెత్రమాసకు నవ్వినందుకు వాడు క్షమించమన్నాడు. పొమ్మన్నందుకు నేను క్షమించమన్నాను.

మావయ్య వచ్చి ఏ దారిన వచ్చారని అడిగాడు. చెప్పాం. ఆయన నమ్మలేదు. "పాటు వేళ ఆ పాయలో మేమే వెళ్లమండి. మీకెవరు చూపించారు?" అన్నాడు.

ఆయన లోపలికి వెళ్లాక సత్తిబాబు ఒక సందేహం అడిగాడు. "అన్నీ సరే. మలుపు మలుపుకూ ఆయన కర్ర ఎందుకు అడిగాడంటావు?"

ఎలా అడిగాడని అన్నాను.

"కర్రెగా, కర్రెగా అని. ప్రతి మాటకు ముందూ అదే."

మా వైపు కర్రె అంటే నలుపు. మా తాతకు రెండు ఎడ్లుండేవి. నల్లదాన్ని దాపట కట్టేవాడు. దాని పేరు కర్రెగాడు. నేను బడిలో చేరకముందే అది పోయింది. దున్నేటప్పుడు 'కర్రెగా, దాపటికి' అని ఆయన పిలిచే పిలుపు మా ఇంటిదాకా వినబడేది. ఆ సంగతి సత్తిబాబుకు చెప్పాను.

"అంటే మీ తాత నన్ను ఎద్దు అన్నాడా?" అన్నాడు వాడు.

టెస్టర్‌ని కదా, ఊరుకోలేదు. మరుసటి ఏడు అదే కాలంలో, అదే వేళకు, మావయ్యను వెంటబెట్టుకుని ముగ్గురం మళ్లీ వెళ్లాం. మూడు పాయల దగ్గర ఇంజను ఆపుకుని గంట కూర్చున్నాం. కొంగల అరుపులు తప్ప ఏమీ వినబడలేదు. సత్తిబాబు ఎక్కడో విన్న మాటలే భయంలో బయటికి వచ్చాయని ఓబులేసు వాదన. సత్తిబాబు నాన్న బడిపంతులు. వాళ్లింట్లో నాగలి లేదు. పైగా తినే చెయ్యి ఎలపట అని వాడికి చెప్పేదెవరు? అన్నిటికంటే నన్ను తొలిచింది ఇంకొకటి. మనవణ్ణి నేను. భాష తెలిసినవాణ్ణి నేను. వాడి పక్కనే కూర్చున్నాను. తాత నన్ను వదిలి వాణ్ణి ఎందుకు పిలిచాడు?

రాష్ట్రం వచ్చిన రోజున మా చౌరస్తా అంతా గులాల్‌తో గులాబీ రంగయింది. డప్పుల మోతకు గుట్టలు అదిరాయి. సత్తిబాబు మియాపూర్ నుంచి మోటారు సైకిల్ మీద వచ్చి, నేను పూయకముందే తన ముఖానికి తానే రంగు పూసుకున్నాడు. నన్ను భుజాల మీదికి ఎత్తుకోబోయి ఇద్దరం కిందపడ్డాం. "వీసా ఏదిరా?" అని అడిగాడు. నా జీవితంలో అంత పెద్ద పండుగ లేదు.

మధ్యాహ్నం ఇద్దరం మా ఇంట్లో అన్నానికి కూర్చున్నాం. బోటు సంగతి మా అమ్మకు మేం ఎప్పుడూ చెప్పలేదు. భయపడుతుందని. సత్తిబాబు ముద్ద కలుపుతూ ఉన్నట్టుండి అడిగాడు.

"అమ్మా, తాతగారి ఎడ్లలో ఒకటి కర్రెగాడటగా. రెండోదాని పేరేంటండి?"

నాకు ఎంత ఆలోచించినా ఆ పేరు గుర్తొచ్చేది కాదు. అమ్మ పప్పు వడ్డిస్తూ నవ్వింది.

"దానికి పేరెక్కడిది బిడ్డా. అది ఎలపటి ఎద్దు. మా మామ దాన్ని ఎన్నడు పిలువలె. కర్రెగాన్ని పిలిస్తే సాలు, అది దానంతటదే వచ్చేది."

సత్తిబాబు ముద్ద కంచంలో వదిలేసి నావైపు తిరిగాడు. బోటులో వాడు ఎడమ వైపు కూర్చున్నాడు. వాడి కుడి పక్కన కూర్చున్నది నేను.

మా ఆఫీసులో మళ్లీ జరిపి చూపించలేని తప్పులకు ఒక ఖానా ఉంటుంది. కొన్నాళ్లు ఆగి వాటిని మూసేస్తాం. దీన్ని ఆ ఖానాలో వేయడానికి నాకు చెయ్యి రావడం లేదు. దయ్యాలను నమ్మను అని మళ్లీ చెబుతున్నాను. కానీ అప్పటినుంచీ ఏటా పెత్రమాసకు తాత పేరు మీద బియ్యం ఇస్తున్నాను. సత్తిబాబు కూడా వచ్చి నా పక్కన దాపట నిలబడతాడు.